నలభై ఒక్క శాతం ఊపిరి

ఇక్కడి ఆఫీసు చూసే నాగేశ్వరి గారు గోడకి అంటించిన కాగితంలో నా పేరు నాలుగోది. పేర్లు ఇంగ్లీషు అక్షరాల వరసలో ఉన్నాయి కాబట్టి మూడోవాడు దుర్గేష్ అనే అతను, నాలుగోది ఇవాంజెలిన్, అంటే నేను, మనిషికి అరగంట చొప్పున లెక్కేసుకుంటే మూడింటికి నా వంతు, ఇప్పుడు రెండు. గంటసేపు ఈ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవాలి. ఎదురుగా అద్దం తలుపు, దాని మీద ‘యువ పరిశోధకుల ఎంపిక, కంప్యూటేషనల్ సైన్స్’ అని ప్రింటు తీసి అతికించిన కాగితం, దాని వెనక ముగ్గురు పెద్దమనుషులు. ముప్పై మూడేళ్లదాన్ని, నన్ను ఇంకా యువ అంటున్నది లోకంలో ఈ ఒక్క కాగితమే, పెళ్లి సంబంధాలు తెచ్చేవాళ్లు ఆ మాట ఎప్పుడో మానేశారు. పీహెచ్‌డీ చేతికొచ్చి ఐదేళ్లు దాటకూడదని వాళ్ల నిబంధన, నాకు ఐదేళ్లు వచ్చే నెల పద్నాలుగుతో నిండుతాయి, పదిహేనో తారీకు పొద్దున్న నిద్రలేచేసరికి నేను ఎవరి లెక్కలోనూ యువ కాను, అనుభవజ్ఞురాలిని అంతకన్నా కాను. పద్దెనిమిది మందిని పిలిచారు, ఇద్దరిని తీసుకుంటారు, ఆ ఇద్దరికీ మూడేళ్లు ఒక ల్యాబ్, సొంత సమస్య, అడిగినంతసేపు పెద్ద కంప్యూటరు. రాకపోతే అమీర్‌పేటలో పొద్దున ఆరున్నర బ్యాచ్, సాయంత్రం ఏడు బ్యాచ్, నలభై మందికి పైథాన్, ముప్పై రోజుల్లో ఉద్యోగం అని మెట్ల పక్కన బోర్డు. ఆ మెట్లు పదకొండేళ్లుగా ఎక్కుతున్నాను.

కిటికీలోంచి కింద పంజాగుట్ట చౌరస్తా కనిపిస్తోంది, ఆరో అంతస్తు నుంచి చూస్తే హారన్లు వినపడవు, ఫ్లైఓవర్ కింద ఒక అంబులెన్సు ఇరుక్కుపోయి దీపం మాత్రం తిప్పుకుంటోంది. లోపల ఎవరున్నారో, ఆక్సిజన్ పెట్టారో లేదో, ఊపిరి అనగానే నా బుద్ధి అటే పోతుంది. నా పీహెచ్‌డీ అంతా ఊపిరే. ఆయాసం ఉన్నవాళ్లు నోట్లోకి కొట్టుకునే మందు ఉంటుంది కదా, ఆ తుంపరలో ఎంత గొంతులోనే అంటుకుపోతుంది, ఎంత ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది, మనిషిని కోసి చూడలేం కనుక కంప్యూటర్లో పాచిక పడ్డట్టు కొమ్మలు చీలే ఒక గొట్టాల చెట్టు కట్టి, లక్షల చుక్కలు వదిలి, ఒక్కొక్కటి ఎటు పోయిందో లెక్కపెట్టడం. నెమ్మదిగా పీలిస్తే నలభై ఒక్క శాతం అడుగుదాకా పోతుంది. అదే నా నంబరు. ఇరవైసార్లు వేరువేరుగా నడిపి చూశాను, ఇరవైసార్లూ నలభై ఒకటికి అటూ ఇటూ ఒక అర. ఇంత తక్కువ తేడా ఈ రంగంలో చూడలేదని పేపరు పరిశీలించినవాళ్లు రాశారు. చక్రపాణి గారు, నా గైడు, ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి డిపార్టుమెంటంతా తిప్పారు.

ఇరవైసార్లు నడపలేదు. ఒక్కసారే నడిపాను. ఆ సంగతి ఈ ప్రపంచంలో ఇద్దరికి తెలుసు, నాకూ చక్రపాణి గారికీ, నాకైనా తెలిసి మూడు రోజులే అయింది.

పక్క కుర్చీ కిర్రుమంది. సన్నగా పొడుగ్గా ఒక అబ్బాయి, ఇస్త్రీ చొక్కా, ఒళ్లో నీలం ఫైలు, నా మెడలోని బ్యాడ్జి వైపు వంగి పేరు చదివి, లేచి నిలబడి, మళ్లీ కూర్చుని, “మేడం, మీరేనా? మీ పేపర్ చదివే నేను గీ లైన్ల కొచ్చిన మేడం. నిజంగ. నా పేరు దుర్గేష్,” అన్నాడు. సంతోషం అన్నాను. కూర్చోండి అన్నాను. “మీరు అనకుండ్రి మేడం, నువ్వనుండ్రి,” అన్నాడు. ఫైలు తెరిచి చూపించాడు, మొదటి పేజీలోనే పెద్దక్షరాల్లో నలభై ఒక్క శాతం, నా పేరు, సంవత్సరం. నోట్లోకి కొట్టుకునే ఆ మందు సీసాకి తగిలించే చిన్న గొట్టం ఒకటి తయారు చేస్తున్నాడట, పిల్లలకి, ముసలివాళ్లకి, గవర్నమెంటు ఆస్పత్రుల్లో ఇవ్వదగ్గంత తేలికది, దాని పొడవూ వెడల్పూ అన్నీ నా నంబరు మీద కట్టాడు. “మా అమ్మకి ఆయాసం మేడం, సనత్‌నగర్ల పౌడర్ కంపెనీల పన్నెండేండ్లు చేసింది. మస్తు డిజైన్లు చూసిన, ఒక్కదాంట్ల సుత ఇంత పక్కా నంబర్ దొరకలె,” అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను బ్యాడ్జి సర్దుకున్నాను.

చెప్పు. ఇప్పుడే చెప్పు. ఇతనికి ఇంకా అరగంట ఉంది, ఆ మొదటి పేజీ తీసేసి, ఈ అంకె మీద తిరిగి పరీక్ష జరగాలి, నా డిజైన్ ఏ అంకెకైనా ఇలా సర్దుకుంటుంది అని చెప్పుకోవచ్చు, తెలివైనవాడు, కళ్లు చూస్తేనే తెలుస్తోంది. నోరు తెరిచాను. “మీ అమ్మగారికి ఇప్పుడెలా ఉంది?” అన్నాను. ఎంత మర్యాదస్తురాలిని.

క్లాసులో వనిత అడగకపోయి ఉంటే. ఆ పిల్లది ఎర్రగడ్డ, రైతుబజార్లో వాళ్లమ్మ ఆకుకూరల దగ్గర కూర్చుని వస్తుంది, చేతివేళ్ల దగ్గర ఎప్పుడూ ఆకుపచ్చ మరక. సోమవారం సాయంత్రం బ్యాచ్‌లో కంప్యూటరుతో పాచికలు వేయించడం చెబుతున్నాను. కంప్యూటరుకి అదృష్టం అంటూ ఏమీ లేదు, మనం ఒక మొదటి నంబరు ఇస్తే దాన్నుంచి చూడ్డానికి అడ్డదిడ్డంగా ఉండే అంకెల వరస పుట్టిస్తుంది, అదే మొదటి నంబరు ఇస్తే మళ్లీ అదే వరస. నేను క్లాసులో పదకొండేళ్లుగా ఒకే మొదటి నంబరు పెట్టిస్తాను, రెండో లైన్లోనే, ఎందుకంటే నలభై మిషన్ల మీద నలభై జవాబులు వస్తే నలభై మంది చేతులెత్తుతారు, అందరికీ ఒకే జవాబు వస్తే అందరూ నోరు మూసుకుని ఇంటికి పోతారు, నాకూ ఆఖరి మెట్రోకి పరుగెత్తే పని ఉండదు. అమీర్‌పేటలో పాఠం చెప్పే ప్రతివాళ్లూ చేసే పనే. వనిత చెయ్యెత్తింది. “మేడం, మేమందరం వేరేవేరేగ వేసినం గద, అందరికీ గదే ఎందుకొస్తుంది? గట్లయితే నలభై మంది వేసినట్టా, ఒక్కరు వేసినట్టా?” అంది. ఒక్కరు వేసినట్టేనమ్మా అని నవ్వుతూ చెప్పి బోర్డు వైపు తిరిగాను, తిరిగాక ఏం రాయాలో గుర్తు రాలేదు. మార్కరు పట్టుకుని అలాగే నిలబడ్డాను, వెనక కుర్రాళ్లు గుసగుసలాడారు, ఎవరో ఫ్యాన్ పెంచారు. పీహెచ్‌డీ రోజుల్లో పొద్దున బ్యాచ్ చెప్పి, పగలంతా ల్యాబ్‌లో కూర్చునేదాన్ని. కొత్త ఫైలు మొదలుపెట్టాలంటే క్లాసు ఫైలునే కాపీ చేసుకునేదాన్ని, పై పది లైన్లూ మళ్లీ కొట్టే ఓపిక ఎవరికుంది, ఆ పది లైన్లలో రెండోది.

ఆ రాత్రి తీసి చూశాను. ఉంది. ఐదేళ్లుగా కదలకుండా, రెండో లైన్లో. ఇరవై మిషన్లు, ఇరవైటికీ ఒకే మొదటి నంబరు, ఒకే చెట్టు, ఒకే చుక్కలు, ఒకే దారులు. మరి ఆ అర శాతం తేడా ఎక్కడిదంటే మిషన్లు కూడికలు చేసేటప్పుడు చివరి అంకెల్లో చేసే చిల్లర తేడా, అంతే, దాన్నే నేను నా పనితనం అనుకున్నాను. జవాబు ఇంత చక్కగా ఎందుకొచ్చిందని ఒక్కరోజు కూడా అనుమానపడలేదు. చెడ్డ జవాబు వస్తే రాత్రంతా వెతికేదాన్ని, మంచి జవాబుని ఎవరు వెతుకుతారు. మొదటి నంబర్లు మార్చి మళ్లీ నడిపాను, రెండు రోజులు పట్టింది, ఒకసారి ఇరవై రెండు వచ్చింది, ఒకసారి యాభై ఎనిమిది, ఒకసారి ముప్పై. నలభై ఒకటికి అర్థం ఏమీ లేదు. ఏదో ఒకటి వచ్చింది, అది నలభై ఒకటి.

ఇవాళ పొద్దున చక్రపాణి గారికి ఫోన్ చేశాను. రిటైరయ్యాక కాకినాడ వెళ్లిపోయారు, ఫోనులో వెనక కుక్కర్ కూత వినిపిస్తోంది. అంతా విన్నారు. “అమ్మాయీ, ఇంటర్వ్యూ ఇవాళ కదా. ముందది కానియ్యి. సీటు చేతిలో పడ్డాక నిదానంగా కరెక్షన్ రాసి పంపుదాం, పెద్ద కంప్యూటర్ దగ్గర కూర్చుని సరిగ్గా చేస్తే సైన్సుకే కదా మంచిది. ఇప్పుడు చెప్పి ఎవర్ని బాగుచేస్తావు?” అన్నారు. ఆయన దొంగ కాదు. నా థీసిస్ మూడుసార్లు ఎర్ర సిరాతో దిద్దిన మనిషి, కామా తప్పు పడితే ఊరుకునేవారు కాదు. అందుకే ఆ మాట ఆయన నోట వినగానే హాయిగా అనిపించింది. ఆ హాయి గుర్తొస్తే ఇప్పుడు అసహ్యంగా ఉంది, కానీ పోవడం లేదు, ఇక్కడే ఉంది, నా పక్కన మూడో కుర్చీలో కూర్చున్నట్టుంది.

నాన్న అయితే ఏమనేవాడో అడగక్కర్లేదు. ఆయన పేరు క్రీస్తుదాసు, సనత్‌నగర్లో లేత్ మిషన్ మీద ముప్పై ఏళ్లు, ఇనుప కడ్డీ చెక్కి కొలిచేటప్పుడు తిప్పి తిప్పి కొలిచేవాడు. చిన్నప్పుడు సెలవుల్లో అన్నం డబ్బా తీసుకెళ్లేదాన్ని. ఒకచోటే మూడుసార్లు కొలిస్తే మూడు కొలతలు కావమ్మా, ఒకటే కొలత మూడుసార్లు చదివినట్టు అనేవాడు. వర్క్‌షాపులో ఎనిమిదో క్లాసు మనిషికి తెలిసిన సంగతి. నేను డాక్టరేట్ తీసుకున్నాను. అమ్మయితే పేపరు వచ్చిన వారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది, నా బిడ్డ ఊపిరి మీద పరిశోధన చేసింది, ఆయాసపడేవాళ్లకి ఆమె చేతిమీదుగా దేవుడు మేలు చేస్తున్నాడు అని, అందరూ స్తోత్రం అన్నారు, పియానో దగ్గరున్న ప్రేమ్ సాగర్ అంకుల్ కళ్లు తుడుచుకున్నాడు. ఈ వారం కూడా నా పేరు ప్రార్థన అంశాల్లో ఉంది. సీటు వస్తే వచ్చే ఆదివారం లేచి సాక్ష్యం నేనే చెప్పాలి, అమ్మ ఇప్పటికే చీర తీసిపెట్టింది, సాక్ష్యం అంటే జరిగింది జరిగినట్టు చెప్పడం అని సండే స్కూల్లో నేర్పిందీ ఆవిడే.

“మేడం, ఒక్క డౌటు.” దుర్గేష్ గొంతు. “వాళ్లు మీ ఎర్రర్ గురించి అడిగితే ఏం చెప్పాలె? అంత తక్కువ ఎట్ల వచ్చిందని మా గైడ్ సుత అడిగిండు. నేనేమో, మేడం ఇరవైసార్లు నడిపింది, పక్కా ఉంటదని చెప్పిన. కరెక్టేనా?”

ఇంతకంటే తలుపు ఎవరు తెరుస్తారు. అడిగాడు, నన్నే అడిగాడు, నా ముఖంలోకి చూస్తూ అడిగాడు. అప్పుడు నాకు వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది, కానీ వచ్చింది. ఇతనికి చెబితే ఇతను లోపలికెళ్లి నిజం చెప్పేస్తాడు, చెప్పేసే రకం, ఆ వెంటనే నేను వెళ్లాలి, అప్పటికే వాళ్లకి తెలిసిపోయి ఉంటుంది, చెప్పేదీ లేనిదీ ఇంక నా చేతిలో ఉండదు. చెప్పాలో వద్దో అనే ఆ చిన్న అధికారం కోసం, దాన్ని ఇంకో అరగంట నా దగ్గరే ఉంచుకోవడం కోసం, “పేపర్లో ఉన్నదే చెప్పు,” అన్నాను. అబద్ధం కాదు కదా అనుకున్నాను. పేపర్లో ఉన్నదే కదా.

నాగేశ్వరి గారు తలుపు తీసి దుర్గేష్ అని పిలిచారు. అతను లేచి, బ్యాగు నా పక్క కుర్చీలో పెట్టి, “జర చూస్తుండుండ్రి మేడం,” అని, చొక్కా సర్దుకుని వెళ్లాడు. తలుపు మూసుకుంది.

రెండున్నర. అద్దం మసకగా ఉంది, ముగ్గురి తలలు, నిలబడ్డ అతని ఆకారం మాత్రం తెలుస్తున్నాయి, చేతులు ఎలా తిప్పుతున్నాడో, గొట్టం పొడవు చూపిస్తున్నట్టున్నాడు. ఇప్పుడు లేచి తలుపు కొట్టొచ్చు. క్షమించండి, ఒక్కమాట అని. కుర్చీలోంచి లేవలేదు. కింద అంబులెన్సు కదిలింది, దాని వెనక ఖాళీలోకి మూడు ఆటోలు దూరాయి. ఇతనికి ఇరవై ఏడు ఉంటాయేమో, ఇంకా నాలుగైదేళ్లు ఉన్నాయి, ఇవాళ పోతే వచ్చే ఏడు రాసుకుంటాడు, నాకు వచ్చే ఏడు లేదు, అని ఒక లెక్క చేసుకున్నాను. లెక్క బాగానే కుదిరింది. నాకు లెక్కలు ఎప్పుడూ బాగానే కుదురుతాయి. తర్వాత వాళ్లమ్మ గుర్తొచ్చింది, పన్నెండేళ్లు పౌడరు పీల్చిన మనిషి, ఆవిడ నోట్లో నా అంకె కొలతకి కట్టిన గొట్టం పెట్టుకుని పీలుస్తుంది, మందు అడుగుదాకా పోయిందనుకుంటుంది, కొడుకు అలా చెప్పాడు కనుక, కొడుక్కి నేను చెప్పాను కనుక. పేపరు అంటే పేపరే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఎవరో చదువుతారు, ఎవరో ఉటంకిస్తారు, ప్రొఫైల్లో ఒక అంకె పెరుగుతుంది. దాన్ని నమ్మి ఒకడు వచ్చి పక్క కుర్చీలో కూర్చుంటాడని, బ్యాగు చూస్తుండమంటాడని అనుకోలేదు.

చెప్పేస్తాను. ఇది నిశ్చయం. లోపలికి వెళ్లగానే మొదటి మాట అదే. చేసిన పాపం చెబితే పోతుందంటారు. సీటు పోతుంది, పోనీ, ఆరున్నర బ్యాచ్ ఉంది, వనిత ఉంది, ఆ పిల్ల అడిగినట్టు ఇంకా ప్రశ్నలు అడుగుతుంది. నిర్ణయం తీసుకోగానే ఒళ్లు తేలికయింది, మూడు రోజుల తర్వాత మొదటిసారి ఆకలి వేసింది, కింద టిఫిన్ సెంటర్లో ఉప్మా తినొచ్చు అనిపించింది, నా మీద నాకు కొంచెం గౌరవం కూడా కలిగింది.

తలుపు తీసుకుని దుర్గేష్ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. “మేడం, మస్తుగ అయింది! మొత్తం మీ నంబర్ మీదనే అడిగిండ్రు. గా తెల్ల గడ్డం సార్ నమ్ముతనే లేడు, ఇంత తక్కువ తేడా కుదరదన్నడు. నేను గట్టిగ నిలబడ్డ. ఆ మేడం బయటనే ఉంది సార్, ఇప్పుడే మాట్లాడిన, ఆమెనే పక్కా అని చెప్పింది, కావాలంటే అడుగుండ్రి అన్న,” అన్నాడు. నేను పక్కా అనలేదు. పేపర్లో ఉన్నదే చెప్పు అన్నాను. ఆ రెండింటికీ ఏమిటి తేడా, అతని చెవికి ఏమీ లేదు.

“ఇవాంజెలిన్ గారు, రండి,” అన్నారు నాగేశ్వరి గారు. “మీరొచ్చేదాక ఉంట మేడం,” అని దుర్గేష్ నా బ్యాగు కూడా తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

గది చల్లగా ఉంది. బల్ల మీద రెండు దొంతర్లుగా ఫైళ్లు, ఒకదాని మీద నీలం ఫైలు. తెల్ల గడ్డం ఆయన కళ్లజోడు తీసి, కూర్చోండి అని చూపించి, ఇప్పటిదాకా మీ గురించే మాట్లాడుకున్నాం అన్నారు. పక్కనున్న ఆవిడ నవ్వారు. నేను కూర్చోలేదు. సార్, ఆ పేపర్లో ఇరవై రన్నులు లేవు, ఒక్కటే ఉంది అన్నాను. మొదటి నంబరు సంగతి చెప్పాను, క్లాసు ఫైలు సంగతి చెప్పాను, ఇరవై రెండు నుంచి యాభై ఎనిమిది దాకా వచ్చిన అంకెలు చెప్పాను, పేపరు వెనక్కి తీసుకుంటానని ఇవాళే పత్రికకి రాస్తానని చెప్పాను. మధ్యలో ఎవరూ ఆపలేదు. అయిపోయాక ఆయన, “ఇది చెప్పడం తేలిక కాదు. చెప్పినందుకు సంతోషం,” అన్నారు, నిజంగానే అన్నారు, నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత మామూలు గొంతుతో, “ఎప్పుడు తెలిసింది మీకు?” అన్నారు.

మూడు రోజులైంది సార్.

“బయట ఆ అబ్బాయి మీ పక్కనే కూర్చున్నాడట కదా. అతనికి చెప్పారా?”

లేదు సార్.

ఆయన నా ఫైలు ముట్టుకోలేదు. దొంతర మీద నుంచి నీలం ఫైలు తీసి, ఒకసారి మొదటి పేజీ తిప్పి చూసి, అవతలి దొంతరలో అడుగున పెట్టారు. పెడుతుంటే పక్కావిడ, “కానీ సార్, అతని తప్పేముంది…” అంటూ ఆగిపోయారు. “తప్పు కాదమ్మా. నమ్మకం. ఎదురుగా నేను అనుమానం చెబుతున్నా వినిపించుకోలేదు,” అన్నారాయన. నా వైపు చూసి, మీరు వెళ్లొచ్చు అన్నారు.

తలుపు తీయగానే దుర్గేష్ లేచి నిలబడ్డాడు, రెండు భుజాలకీ రెండు బ్యాగులు. “అయిపాయెనా మేడం? ఏమన్నరు? పాండ్రి, కింద చాయ్ తాగుదాం, మా అమ్మకి ఫోన్ చేసిన, మీతో మాట్లాడతదంట, లైన్ల ఉంది,” అని ఫోను నా చేతికిచ్చాడు. చెవి దగ్గర పెట్టుకున్నాను. మాట ఇంకా రాలేదు, ముందు ఊపిరే వినిపించింది, ఈలగా, ఆగి ఆగి, ఒకటి తర్వాత ఒకటి, ఆవిడ మెట్లెక్కి వచ్చినట్టుంది, నాతో మాట్లాడ్డానికి ఊపిరి కూడదీసుకుంటోంది.